ఏటి, ఏంది, ఏంటి: మాట ఎక్కడ తెగిందో చూస్తే అర్థం దొరుకుతుంది

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది కరీంనగర్, మీ అత్తగారిది శ్రీకాకుళం, కాపురం హైదరాబాదులో. ఏడేళ్ళ పాప నానమ్మ దగ్గర "ఏటి", "వచ్చీసినాను" నేర్చుకుంటోంది, మీ దగ్గర "ఏంది", "వచ్చిన" నేర్చుకుంటోంది. బళ్ళో టీచరు రెండూ తప్పే అంటున్నారు. ఈ పొట్టి మాటలు పాడైపోయిన మాటలా, పాపను సరిదిద్దాలా అని మీ మొదటి ప్రశ్న. ఇలాంటి పొట్టి మాటలే అరవంలో, కన్నడంలో, గల్ఫు నుంచి వచ్చిన మీ తమ్ముడి నోట అరబ్బీలో వింటున్నారు. కొన్నిటికి అర్థం కలుస్తోంది, కొన్నిటికి అస్సలు కలవడం లేదు, దీనికేమైనా లెక్క ఉందా, తెలియని పొట్టి మాటకు అర్థం ఎలా పట్టుకోవాలి అని రెండోది.

మాది జగిత్యాల పక్కన పల్లె. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పాను. మొదట విజయనగరం జిల్లాలో, తర్వాత కడపలో, చివరికి హైదరాబాదులో. ఎక్కడున్నా ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఆ ఊరి మాటలు రాసుకునేవాణ్ణి. ఆ అలవాటు ఎలా పట్టుకుందో చెబితే మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు వచ్చేస్తుంది.

విజయనగరం జిల్లాలో చేరిన మొదటి ఏడాది. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు పరీక్షలో "ఏటి" అని రాశాడు. ఎర్ర పెన్నుతో ఆ మాట చుట్టూ గీత చుట్టి పక్కన "ఏంటి" అని రాశాను. పేపర్లు ఇచ్చేశాక వాడు నా బల్ల దగ్గరికొచ్చి, పాఠ్యపుస్తకం తెరిచి, ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. అక్కడ "ఏమిటి" అని ఉంది. "సార్, పుస్తకంలో మి ఉంది. మీరు ఆ మి తీసీసి సున్న పెట్టినారు. నాను ఆ సున్న కూడా తీసీసినాను. మీది రైటూ, నాది తప్పేటి?" అన్నాడు. వాడి గొంతులో పొగరు లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఆ పూట నా దగ్గర జవాబు లేదు. మార్కు వేసి పంపాను గానీ, ఆ ప్రశ్నకు పూర్తి జవాబు వెతుక్కోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

వాడు చెప్పింది అక్షరాలా నిజం. "ఏమిటి" కోస్తాలో "ఏంటి" అయింది, ఉత్తరాంధ్రలో ఇంకొక అడుగు వేసి "ఏటి" అయింది. మనవైపు "ఏమిది" నుంచి "ఏంది" వచ్చింది. మూడూ కుదించిన మాటలే. అందులో ఒకటి పత్రికల్లోకి, సినిమాల్లోకి ఎక్కింది కాబట్టి చెవికి నిండుగా వినిపిస్తుంది, అంతే తేడా.

ఇది బాగా కనిపించేది క్రియల్లో. "పోయినాడు" తీసుకోండి. రాయలసీమలో ఇవాళ్టికీ "పోయినాడు" అనే అంటారు. కోస్తావాళ్ళు మధ్యలో "న" తీసేసి "పోయాడు" అన్నారు. మనం ఆ "న" ను వదల్లేదు, దాని దీర్ఘాన్ని వదిలేసి, న ను సున్నగా మార్చి "పోయిండు" అన్నాం. ఇప్పుడు చెప్పండి, వీటిలో ఏది పాడైపోయింది? పుస్తకాల్లో ప్రామాణికంగా కనిపించే "పోయాడు" లో న జాడ కూడా మిగల్లేదు. తప్పని పేరు పడ్డ "పోయిండు" లో అది సున్నగానైనా నిలిచింది. మీ అత్తగారి "వచ్చీసినాను" సంగతి ఇంకా బాగుంటుంది. అది "వచ్చివేసినాను". కోస్తావాళ్ళు దాన్ని "వచ్చేశాను" చేశారు. ఆమె "సినాను" ను పూర్తిగా దాచుకుంది, "వే" ను మాత్రం దీర్ఘంలో కలిపేసింది. అంటే ఆమె మాట కోస్తా మాటకంటే అసలు రూపానికి దగ్గర.

ఇంకొకటి. "చేయవలెను" అన్నది అందరికీ ఉమ్మడి ఆస్తి. కోస్తాలో "చెయ్యాలి", తెలంగాణలో "చెయ్యాలె", కర్నూలు, అనంతపురం వైపు "చెయ్యల్ల". మనం "లె" ను పట్టుకున్నాం, కోస్తా దాన్ని "లి" చేసింది, సీమ లకారాన్ని ఒత్తి పెట్టుకుంది. "వలె" లో వకారం మాత్రం మూడుచోట్లా పోయింది. "అట్లా" కూడా అంతే. మనది "గట్ల", సీమది "అట్ల". నెల్లూరు, ప్రకాశం వైపు ల పోయి "అట్టా" అయింది. గోదావరి వైపు ట పోయి "అలా" అయింది. ఒకే మాటను నాలుగు ఊళ్ళవాళ్ళు నాలుగు చోట్ల తుంచుకున్నారు. నాలుగు ముక్కలూ పక్కపక్కన పెడితే అసలు మాట మళ్ళీ కనబడుతుంది. నా నోటుపుస్తకంలో పేజీని నాలుగు గళ్ళుగా గీసుకున్నది అందుకే.

ఆ నాలుగు గళ్ళు నా ఊహ కాదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగును ఉత్తరాంధ్ర, కోస్తా, రాయలసీమ, తెలంగాణ అని నాలుగు మాండలిక మండలాలుగా గుర్తించారు. ఆయన ఆధ్వర్యంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి 1962లో వెలువడింది. అందులో ఉన్నవి రైతుల నోటి మాటలు. దాన్ని చూశాకే, నా పల్లె మాట కూడా నిఘంటువులో కూర్చోదగినదేనని నాకు ధైర్యం వచ్చింది. అంతకు చాలా ముందే, మీ అత్తగారి జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి గారు పండితుల మీద పోరాడింది కూడా నోటి మాటకు రాతలో చోటు ఇవ్వమనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. మీ అత్తగారికి ఆ సంగతి చెప్పండి, సంతోషిస్తుంది.

ఇక "నేను పొట్టి మాటలు వాడను, పుస్తకం భాషే మాట్లాడతాను" అనేవాళ్ళు కనిపిస్తే లెక్కపెట్టమనండి. ఇరవై అంటే ఇరువది. డెబ్బై అంటే డెబ్బది. ఇవాళ అంటే ఈ వేళ; మనవైపు అదే "ఇయ్యాల". కదా అంటే కాదా. మళ్ళీ అన్నది మరల నుంచి, మన "మల్ల" కూడా అక్కణ్ణుంచే. వంకాయ అంటే వంగకాయ. పొద్దున లేచి కూరల బజారుకు వెళ్ళి వచ్చేలోపు ఎవరైనా సరే ఇలాంటివి కొన్ని డజన్లు వాడతారు.

ఎందుకు కుదిస్తారంటే బద్ధకం వల్ల అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. బద్ధకమే అయితే అన్ని మాటలూ ఒకేలా అరగాలి. ఉత్తరాంధ్ర మనిషి "ఏమిటి" ని "ఏటి" చేశాడు గానీ, "కంచుకాగడా" ని ముట్టుకోలేదు. రోజుకు వందసార్లు వాడే మాటే చిన్నదవుతుంది. అమెరికా పండితుడు జార్జ్ జిఫ్ 1930లలో ఇదే సంగతిని లెక్కలు వేసి చూపించాడు: ఎక్కువగా వాడే మాటలు పొట్టిగా ఉంటాయి, అది ఏ ఒక్క భాషకో పరిమితం కాదు. పైగా తుంచడానికి ఒక పద్ధతి ఉంటుంది. శ్రీకాకుళంలో ఎవరూ "ఏమిటి" ని "మిటి" అనరు. మొదటి అక్షరం మీద మనకు పట్టు ఎక్కువ, మధ్యలోవే జారిపోతాయి. మాట మొదట్లో ఉండే వకారం ఒక్కటి తరచు పోతుంది. వాడు "ఆడు" అవుతాడు, మా జగిత్యాల వైపు వచ్చిండు "అచ్చిండు" అవుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఇతర భాషల సంగతికి వస్తే, ముందుగా "వద్దు" అనే మాట చూపిస్తాను. అది "వలదు". పద్యాల్లో వలదు అనే ఉంటుంది, ఇంట్లో మాత్రం వద్దు, ఒద్దు. తమిళంలో "వేండామ్" అన్నది మాటల్లో "వేణాం" అయింది. కొడుకు ఇంకో ఇడ్లీ వేయబోతే చేయి అడ్డం పెట్టి ఆ తల్లి "వేణాం" అంటుంది, మనమ్మ "ఒద్దు" అంటుంది. రెండుచోట్లా మధ్య హల్లు ఆ తొందరలోనే పోయింది. బీజింగ్ వైపు చైనీయులు "బూ", "యోంగ్" అనే రెండు మాటలు కలిపి "అక్కర్లేదు" అనేవారు. అది నోట్లో కలిసిపోయి "బెంగ్" అయింది. వాళ్ళు రాతలో కూడా ఆ రెండు గుర్తులను ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఒకే అక్షరం చేశారు. పైన "కాదు" అనే గుర్తు, కింద "వాడు, ఉపయోగించు" అనే గుర్తు. నోటిలో జరిగిన కుదింపును కంటికి కనబడేలా రాసిపెట్టిన అక్షరం అది. మొదటిసారి చూసినప్పుడు నాకు మా విజయనగరం పిల్లవాడే గుర్తొచ్చాడు. వాడి "ఏటి" కి అలాంటి గౌరవం ఎవరూ ఇవ్వలేదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది వీడ్కోలు మాట. మనం ఎవరింటి నుంచైనా బయల్దేరేటప్పుడు "పోతున్నా" అనం. అనకూడదని చిన్నప్పుడే నేర్పుతారు. "వెళ్ళి వస్తాను" అంటాం. అది "వెళ్ళొస్తాను" అవుతుంది, చెప్పులు వేసుకునేసరికి "వెళ్ళొస్తా" అవుతుంది, గేటు దగ్గర "వస్తా" ఒక్కటే మిగులుతుంది. చూడండి ఎంత చిత్రమో! మనిషి వెళ్ళిపోతున్నాడు, నోటితో అంటున్నది "వస్తా". తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. కడపలో మా పక్కింట్లో అద్దెకున్న ఒడియా కుర్రవాడు నేను "వస్తా" అని లేస్తే, నేను మళ్ళీ ఇప్పుడే వస్తానేమోనని తలుపు తీసే ఉంచాడు. తమిళులు కూడా "పోయిట్టు వరేన్" అంటారు, చివరికి "వరేన్" మిగులుతుంది. కన్నడిగులు "హోగి బర్తీని" అంటారు, "బర్తీని" మిగులుతుంది. మూడు భాషలూ ఒకే భయంతో, ఒకే ప్రేమతో ఒకే వాక్యాన్ని తయారుచేసుకుని, మూడూ ఒకే చోట తుంచాయి.

జపాన్‌వాళ్ళ "సయొనారా" కూడా తెగిన వాక్యమే. "సయో నరాబా", అంటే "అలాగైతే మరి" అని. ఆ తర్వాత రావాల్సిన సెలవు మాట పోయి, "అలాగైతే" ఒక్కటే మిగిలింది. ఒసాకా వైపు కృతజ్ఞత చెప్పడానికి "ఓకిని" అంటారు. "ఓకిని అరిగతో" అంటే "చాలా ధన్యవాదాలు". ధన్యవాదం పోయి "చాలా" మిగిలింది. ఇంగ్లీషు "గుడ్ బై" లో "గాడ్ బీ విత్ యీ" ఉంది, దేవుడు నీకు తోడుండుగాక అని. ఇటలీవాళ్ళ "చావ్" వెనిస్ మాండలికం నుంచి వచ్చింది. "మీ దాసుణ్ణి" అనే వినయపు వాక్యంలో "దాసుడు" అన్న ముక్క అది. ఆ మాట ఊళ్ళు దాటినకొద్దీ అర్థం కూడా మారింది. ఇటలీలో కలిసినప్పుడూ, విడిపోయేటప్పుడూ "చావ్" అంటారు. బ్రెజిల్‌కు వెళ్ళి "చావు" అయ్యాక అది వీడ్కోలుకు మాత్రమే పనికొస్తుంది. మన చెవికి ఆ శబ్దం ఎలా తగులుతుందో చెప్పనక్కర్లేదు. శుభం పలకాల్సిన చోట అశుభం వినిపిస్తుంది. శబ్దాన్ని నమ్ముకుని అర్థం ఊహించకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ వెతకను.

ఇక్కడ మీరు జాగ్రత్తగా వేరు చేసుకోవాల్సింది ఒకటుంది. రెండు భాషల్లో ఒకే పొట్టి మాట వినబడితే, ఒకే ఇంటి మాటలై అర్థం కలిసి ఉండొచ్చు, ఒకే ఇంటివే అయినా అర్థాలు విడిపోయి ఉండొచ్చు, అసలు సంబంధమే లేకపోవచ్చు. రెండోదే మనుషుల్ని ఇబ్బంది పెడుతుంది.

"అప్ప" తీసుకోండి. తమిళంలో, కన్నడంలో అప్ప అంటే తండ్రి. సీమలో "ఏమప్పా" అంటే ఆప్యాయంగా పిలవడం. మీ అత్తగారి జిల్లాలో అప్ప అంటే అక్క. కొన్నేళ్ళ కిందట హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో మా బంధువు కోసం కూర్చున్నాను. పక్క కౌంటర్లో శ్రీకాకుళం నుంచి కట్టుబడి పనికి వచ్చిన ఒకమ్మాయి, చేతికి కట్టు, కళ్ళల్లో నీళ్ళు. "ఎవరొస్తారమ్మా?" అని అడిగితే "మా అప్ప వత్తాది" అంది. రాసుకునేవాడు ఫారంలో "తండ్రి" అని రాసి, సంతకానికి తండ్రి రావాలన్నాడు. ఆ పిల్ల "నాన్న లేడు, అప్ప వత్తాది" అని మూడుసార్లు చెప్పింది. అతనికి మాట వినబడుతోంది, అర్థం అందడం లేదు. నేను లేచి వెళ్ళి "అప్ప అంటే అక్క బాబూ, 'వత్తాది' అంది చూడు, 'వత్తాడు' అనలేదు" అన్నాను. అప్పుడు కొట్టేసి రాశాడు. క్రియ చివర "ది" ఆ పిల్లను కాపాడింది. పొట్టి మాట దగ్గర సందేహం వస్తే, ఆ మాటను వదిలేసి దాని చుట్టూ ఉన్న వాక్యాన్ని చూడమని నేను అనేది ఇందుకే.

"అవ్వ" కూడా అంతే. మన పల్లెల్లో అవ్వ అంటే అమ్మ. కోస్తా, సీమల్లో ముసలామె, అమ్మమ్మ, నానమ్మ. ఉత్తర కర్ణాటకలో అవ్వ అంటే తల్లి, మనకు సరిగ్గా కలుస్తుంది. తమిళంలో "అవ్వై" అంటే పెద్దామె, అది కోస్తాకు కలుస్తుంది. ఒకే మాట దక్షిణాదంతా తిరిగి, ఒక్కో ఇంట్లో ఒక్కో తరం మనిషి దగ్గర కూర్చుంది. "యాల" కథ వేరు. సీమలో "యాల" అంటే ఎందుకు. అది పద్యాల్లోని "ఏల". మనవైపు "యాళ్లకు తిను" అంటే వేళకు తిను. రెండు వేర్వేరు మాటలు అరిగి అరిగి దాదాపు ఒకే శబ్దానికి చేరాయి. పొడుగు రూపం తెలిస్తే తప్ప విడదీయలేం.

అర్థం కలిసినవాటిలో నన్ను ఆశ్చర్యపెట్టింది కేరళ. కన్నూరు నుంచి వచ్చిన ఒక నర్సు ఫోన్లో మాట్లాడుతుంటే "ఈడ", "ఆడ" అని వినబడింది. తెలుగేమో అనుకుని తలతిప్పాను. కాదు, మలయాళం. పుస్తకాల మలయాళంలో ఇవిడె, అవిడె, ఎవిడె. ఉత్తర మలబారులో మధ్య అక్షరం పోయి ఈడ, ఆడ, ఏడ అయ్యాయి. మన పల్లెల్లో కూడా ఈడ, ఆడ, ఏడ. అర్థం కూడా అదే. "ఏడ" ను "ఎక్కడ" కు మోటు రూపం అనుకుంటారు గానీ, పాత కీర్తనల్లోనూ అది వినిపిస్తుంది. "ఎక్కడ" అన్నది "ఏ కడ", ఏ వైపు అని. దాని దారి దానిది. నేను అడిగితే ఆ నర్సమ్మ నవ్వి, "మా తిరువనంతపురం వాళ్ళు మమ్మల్ని దీనికే ఏడిపిస్తారు సార్" అంది.

సంబంధమే లేనివి లెక్కలేనన్ని. తెలుగులో "దా" అంటే రమ్మని. తమిళంలో "డా" స్నేహితుణ్ణి పిలిచే మాట, "అడా" నుంచి వచ్చింది. బెంగాలీలో పేరు చివర "దా" అంటే దాదా, అన్నయ్య. రష్యన్‌లో "దా" అంటే అవును. మనవైపు "రాలే" అంటే రాలేదు; హిందీలో "లే" అంటే తీసుకో. జార్జియా దేశంలో "మామ" అంటే నాన్న, "దేదా" అంటే అమ్మ. మన మామ దానికి ఏ చుట్టమూ కాదు. మాట ఎంత పొట్టిదైతే ఇలా యాదృచ్ఛికంగా కలిసే అవకాశం అంత ఎక్కువ. అందుకే ఒకటి రెండు అక్షరాల మాటలు చూపించి "ఫలానా భాష మన నుంచే పుట్టింది" అని వాట్సాప్‌లో తిరిగేవాటిని దయచేసి నమ్మకండి, ముందుకు పంపకండి.

మీ తమ్ముడి అరబ్బీ సంగతి. అతను "ఏష్", "లేష్" అంటుంటాడని రాశారు. గల్ఫులో అవి రోజూ వినబడే మాటలు. ఏష్ అంటే ఏమిటి, లేష్ అంటే ఎందుకు. గ్రంథాల అరబ్బీలో "అయ్యు షయ్" అంటే ఏ వస్తువు. అది నోట్లో "ఏష్" అయింది, మరికొన్ని చోట్ల "షూ" అయింది. "లి అయ్యి షయ్", ఏ వస్తువు కోసం, అన్నది "లేష్" అయింది. మీ అత్తగారి "ఏటి" లో ఏ వినబడటం, అరబ్బుల "ఏష్" లో ఏ వినబడటం యాదృచ్ఛికం. కానీ ఇద్దరూ చేసిన పని ఒకటే. ప్రశ్న అడిగే మాటను ఒక్క ఊపిరిలో పలికేంత చిన్నది చేసుకున్నారు. మా ఊళ్ళో దమ్మాం నుంచి తిరిగొచ్చిన ఒకాయన మనవడు అల్లరి చేస్తే "లేష్రా?" అంటాడు. ఆ "రా" మాత్రం జగిత్యాలది.

హైదరాబాదులో మీరుంటున్నారు కాబట్టి దక్ఖనీ ఉర్దూ రోజూ వింటూనే ఉంటారు. "క్యా కర్ రహే" అన్నది "క్యా కర్రే" అయింది. వద్దు అనే "నక్కో" మరాఠీ "నకో" నుంచి వచ్చింది. "ఆతుం బోల్కే బోలా" అనడంలో ఆ "బోల్కే" మన "అని" కి అచ్చు నకలు: "వస్తా అని అన్నాడు". మాటలు హిందుస్తానీవి, వాక్యం కట్టు మనది.

గౌరవం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పొట్టి మాటలు మాట్లాడేవాళ్ళు మర్యాద లేనివాళ్ళని ఒక అపవాదు ఉంది. నేను ఎక్కడికెళ్ళినా గమనించింది దానికి ఎదురు. మనుషులు మాటను ఎంత తుంచినా గౌరవపు ముక్కను మాత్రం వదలరు. గోదావరి మనిషి "ఏం చేత్తన్నారండీ" అంటాడు; "స్తు" పోయింది, "అండీ" పోలేదు. ధార్వాడ కన్నడిగుడు "ఏన్రీ" అంటాడు. ఏను కరిగిపోయింది, "రీ" నిలిచింది. కోయంబత్తూరువాళ్ళు "ఏనుంగ" అంటారు, "ంగ" గౌరవం. పోర్చుగీసులో "వొసా మెర్సే", తమ దయ అనే పెద్ద సంబోధన "వొసె" అయి, బ్రెజిల్‌లో "సె" దాకా వచ్చింది, అక్కడ మాత్రం గౌరవం కూడా అరిగి మామూలు "నువ్వు" అయిపోయింది. మనకు అయ్యవారు "అయ్యోరు" అయినా గౌరవం తగ్గలేదు. అమ్మవారు "అమ్మోరు" అయినా భక్తి తగ్గలేదు. తెలంగాణ, సీమల్లో "అండి" తక్కువ వినబడుతుంది కాబట్టి మోటు అనుకునేవాళ్ళు, "వస్తున్నరా సారూ" లో "రు" ను, "కూసో అన్నా" లో "అన్నా" ను వినడం లేదని అర్థం. మర్యాద అక్కడ ఉంది.

తెలియని పొట్టి మాట ఎదురైతే అర్థం ఎలా పట్టుకోవాలని అడిగారు. నేను చేసేది చెబుతాను. ఆ మాటను వేరే కాలంలో పెట్టి అనమంటాను. "తెల్దు" అర్థం కాకపోతే నిన్నటి సంగతిగా చెప్పమంటే "తెలియలేదు" అంటారు, దాక్కున్న "లియ" బయటికొస్తుంది. తర్వాత పక్క జిల్లాల రూపాలు అడిగి తెలుసుకుంటాను, ఇందాక "చెయ్యాలె", "చెయ్యల్ల" చూపించినట్టు. అదీ కుదరకపోతే ఆ ఊళ్ళో పెద్దవయసు ఆడవాళ్ళు పాడే పాటలు వింటాను, పాట తాళం కోసం అక్షరాలను నిలుపుకుంటుంది. ఇంకో జాగ్రత్త: ప్రతి పొట్టి మాటా కుదించిందే అనుకోకూడదు. "పో", "తే", "ఈ" పుట్టుకతోనే చిన్నవి. మీ అత్తగారు "నాను" అంటే అది "నేను" చెడిపోయి వచ్చింది కాదు. కన్నడంలో "నాను", తమిళంలో "నాన్". ఆమె మాటకు దక్షిణాదంతా చుట్టాలున్నారు.

ఇక పాప. సరిదిద్దకండి. ఏడేళ్ళ పిల్ల ఎవరి దగ్గర ఏ మాట వాడాలో పెద్దవాళ్ళకంటే తొందరగా పట్టుకుంటుంది. నానమ్మతో "ఏటి", మీతో "ఏంది", బళ్ళో "ఏమిటి", మూడూ ఆ పిల్లవే. పరీక్షలో మాత్రం పుస్తకం రూపం రాయాలని చెప్పండి. అది తప్పొప్పుల సంగతి కాదు, అక్కడ చదివేవాళ్ళు నాలుగు జిల్లాలవాళ్ళూ ఉంటారు కాబట్టి అందరికీ తెలిసిన రూపం కావాలి, అంత వరకే. టీచరుతో మాట్లాడే వీలుంటే, పాప ముందు "తప్పు" అనే మాట వాడొద్దని, "రాసేటప్పుడు ఇలా రాద్దాం" అనమని అడగండి. ఎర్ర పెన్ను ఏం చేస్తుందో నాకు తెలుసు. ఆ విజయనగరం పిల్లవాడు నన్ను అడిగే ధైర్యం చేశాడు. అడగకుండా ఇంటికెళ్ళి అమ్మ మాటకు సిగ్గుపడ్డవాళ్ళు ఎంతమందో నేను లెక్క చెప్పలేను.

వీలైతే ఒక పని చేయండి. పాపకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, పేజీని రెండు గళ్ళు గీసి, ఒకదానిలో నానమ్మ మాట, రెండోదానిలో అమ్మ మాట రాయమనండి. "తినీసినాను", "తిన్న". "ఏటి", "ఏంది". "అప్ప", "అక్క". నిండిన పేజీ ఒకటి ఫొటో తీసి ఇక్కడ పెడితే, మిగతా రెండు గళ్ళు, కోస్తాదీ సీమదీ, నేను నింపి పంపుతాను.